దత్తత అంటే ఏమనుకున్యావు మేడమ్

నాకు సారీ చెప్పేది రాదు మేడమ్. నేర్పించినోళ్లు లేరు. మీ ఆదివారం క్లాసులో పిల్లోళ్లకు నేర్పిస్తారు గదా, సారీ, థాంక్యూ, ప్లీజు అని. నేను పక్కన వంటింట్లోనే ఉంటా. జొన్నరొట్టె తట్టే చప్పుడుకు నాకు సరిగా వినపడలేదనుకో.

కూర్చో. ఆ మంచం మీద కాదు, నులక తెగింది, కిందికి పోతావు. ఈ బండ మీద కూర్చో. మీ గెస్ట్‌హౌస్ ముందర ఇట్లాంటి బండే ఏపించి, దాని మీద మెత్త పరిచి, 'పల్లె అరుగు' అని పేరు రాయించినారు గదా. ఈడ మెత్త లేదు, పేరు లేదు. అంతే తేడా.

'నువ్వు' అంటాండానని మొగం అట్ల పెట్టొద్దు. మీ తావున నేను రొట్టెలు కొట్టే సుబ్బక్కను, ఆడ మీరు అంటా. ఇది నా వాకిలి. మా ఊర్లో దేవునికి మొక్కేటప్పుడు కూడా నువ్వు అనే అంటాం. ఆయన ఎప్పుడూ మొగం మాడ్చుకోలా.

ఏమంటివి? నేను వచ్చి మీ ఇంటాయన రంగస్వామి సారుకు సారీ అని ఒక మాట చెప్తే చాలా? నిన్న తియ్యలేకపోయిన ఫోటో ఈ పొద్దు తీసుకుంటే అంతా సర్దుకుంటాదా? తీసుకోకుంటే?

ఓహో. హైదరాబాదు దాతలు కడప కాలేజీకి ఫోన్ చేసి, ఆ పిల్లకు మేము ఫీజు కట్టం అని చెప్తారు. హాస్టల్లో మంచం ఇంకొకరికి పోతాది. ఫోటో ఉంటే మాత్రం నువ్వే ఈ మధ్యాహ్నం కారులో తీసుకుపోయి కాలేజీలో దింపి వస్తావు.

బెదిరిస్తాండావా? బెదిరించేది కాదా. ఉన్న మాట చెప్తాండావా. సరే.

అంటే నా బిడ్డ చదువు ఒక ఫోటో మీద నిలబడుకోనుండాది. సీటు పోతే జ్యోతి యాడికీ పోదు, నా పక్కన పీటేసుకొని రొట్టె కొట్టేది నేర్చుకుంటాది, మీ గెస్టులు దాన్ని కూడా ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు. అదే గదా నువ్వు చెప్పొచ్చింది? తెలిసింది. ఇంగ నేను చెప్తా, నువ్వు విను.

నిన్న మాపున మీ పచ్చిక మీద స్టేజీ ఏసిరి. మేము బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసం దావలో నిలబడితే, మీ పచ్చిక మాత్రం కాళ్లు జారేంత తడిగా ఉంటాది. ఆ మాట ఇప్పుడొద్దులే. అది ఇంకొక పొద్దు తిడతా.

గెస్టులంతా కుర్చీల్లో. మా ఆడోళ్లంతా కింద పట్ట మీద. పిల్లోళ్లంతా మీరిచ్చిన సంచులు తగిలించుకొని వరసగా నిలబడిరి. ఈపు మీద ఇంత పెద్దగా మీ గెస్ట్‌హౌస్ పేరు. మా పిల్లోళ్లు బడికి పోతాంటే దావ పొడుగునా మీ బోర్డులు నడిచి పోయినట్ల ఉంటాది.

జ్యోతి పదోతరగతిలో మండలానికంతా ఫస్టొచ్చిందని సన్మానం అంటిరి. పిండి కలిపేది ఆపి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా వస్తి. ఏ తల్లి రాదు?

సారు మైకు పట్టుకున్యాడు. ఎయిర్‌పోర్టు మాట చెప్పె, బండరాళ్ల అందం చెప్పె, ఈ ఊరోళ్ల మంచి మనసు చెప్పె. కడాకు, 'శివజ్యోతిని ఈ రోజు నుంచి మేము దత్తత తీసుకుంటున్నాము' అనె. చప్పట్లు. ఎనక పరదా ఒకటి కిందికి జారె. దాని మీద ఇంత లావు అక్షరాలు, 'మా దత్తపుత్రిక శివజ్యోతి'. ఒక పక్క నీ ఫోటో, ఒక పక్క సారు ఫోటో, నడుమ నా బిడ్డ.

నాకు చదువొస్తాది మేడమ్. అదే వచ్చిన కష్టం. అయిదో తరగతిలో నన్ను బడి మానిపించిరి గానీ, నేను చదివేది మానలా. శెనక్కాయలు కట్టిచ్చిన కాగితం దగ్గర్నుంచి, మీ గెస్టులు రూముల్లో మరిచిపోయిన లావు పుస్తకాల దాకా, దొరికిందల్లా చదివినా. పట్ట మీద కూర్చున్న మిగతా ఆడోళ్లు పరదా చూసి రంగు శానా బాగుందనుకున్యారు. నేను రాసింది చదివినా.

ఆమీట ఆ ఫోటోలు తీసేటాయన, 'అమ్మా, పాప చెయ్యి పట్టుకొని మేడమ్ గారి చేతిలో పెట్టండి' అనె. నువ్వు రెండు చేతులూ చాపుకొని నిలబడింటివి. 'ఇటు చూసి కొంచెం నవ్వండి' అని కూడా అనె.

మా తావున పెండ్లిలో అప్పగింతలప్పుడు బిడ్డ చెయ్యి ఇంకొకరి చేతిలో పెడతాం. దత్తతప్పుడు పెడతాం. ఫోటో కోసం పెట్టేది మాకు తెల్దు.

జ్యోతి రెక్క పట్టుకొని ఈడ్చుకొస్తి. మైకు ఆడనే ఉండె. 'నేనింకా సావలేదు' అంటి. అది మైకులో పడి ఊరంతా వినపడె. మీ గెస్టుల్లో కొంతమంది ఇది కూడా ప్రోగ్రాములో ఉండే నాటకమనుకొని చప్పట్లు కొట్టిరి. నువ్వు చూసినావో లేదో. నేను చూసినా.

మాట వరసకు అన్యామంటావా? అందరూ అనేదేనా? పెద్దపెద్దోళ్లు ఊర్లకు ఊర్లే దత్తత తీసుకుంటాండారు, ఎవురూ ఇట్ల కొట్లాటకు రాలేదంటావా?

ఊరును తీసుకోండి. ఊరికి తల్లి లేదు.

సరే, ఉత్త మాటే అయితే మార్చు. సాయం చేసినాం అని రాయించు. చదివిస్తాండాం అని రాయించు. నేను పిండి చేతులు కడుక్కొని, మంచి చీర కట్టుకొని వచ్చి, నీ పక్కన నిలబడి పండ్లన్నీ కనపడేటట్ల నవ్వుతా.

చూడు, వాచీ చూసుకుంటివి. సాయం అంటే చిన్నగా ఉంటాది గదా? సాయం అంటే, పోయినేడు చేస్తివి, ఈ ఏడు చేసినావా అని అడుగుతారు. దత్తత అంటే అడిగేటోడు లేడు. ఒక్క మాపుతో తల్లివైపోతావు. నొప్పులు పడేది లేదు, జరమొస్తే భుజానేసుకొని ఓర్వకల్లు ఆస్పత్రి దాకా నడిచేది లేదు, పరదా జారితే అయిపాయ.

దుడ్లు, ఖర్చు మాట కాదు మేడమ్ ఇది. నువ్వు దాన్నే పట్టుకోవద్దు.

మా ఇంట్లో దత్తత జరిగింది. నేను ఆడనే ఉన్యా. అందుకే చెప్తాండా.

మా అన్న ఓబులేషు. మా మేనత్తది పత్తికొండ పక్కన పల్లె. భూమి ఉండె, బిడ్డలు లేకపాయ. అక్క వచ్చి అడిగితే మా నాయన కాదనలేకపాయ. మా అమ్మను పీట మీద కూర్చోబెట్టి, ఒడిలో వాన్ని కూర్చోబెట్టిరి. అప్పటికే వాడు పొడుగు పిల్లోడు, ఒడిలో కూర్చుంటే కాళ్లు నేలకు తగులుతాండె. ఎదురుగా ఇంకొక పీట మీద మా అత్త. మా అమ్మ వాన్ని ఎత్తలేక ఎత్తి ఆ ఒడిలోకి జరిపె. పెద్దోళ్లంతా బెల్లం నోట్లో ఏసుకొనిరి. అంతే మేడమ్, అంతకంటే ఏమీ లేదు. చప్పట్లు కూడా కొట్టలా.

ఆ పొద్దు నుంచి వాడు మా అత్త కొడుకు. అట్లైతే మా అమ్మ వానికి ఏమైతాది? నువ్వే వరస చూసుకో. మేనమామ పెండ్లాము. అత్త. కన్నతల్లిని వాడు అత్తా అనల్ల. ఉగాదికి తీసుకొచ్చిరి. గడప అవతలే నిలబడి, 'అత్తా, నీళ్లు' అనె. మా అమ్మ చెంబు చేతికిచ్చి, లోపలికి పోయి, చాటలో బియ్యం పోసుకొని ఏరుకుంటా కూర్చుండె. ఆ బియ్యం అప్పటికే ఏరినవి.

ఇంగ నేను? తోడబుట్టిన చెల్లెల్ని గదా. కాదంట. మేనమామ కూతుర్నంట. మరదల్నంట. 'మీ బావ వచ్చినాడే, కాళ్లకు నీళ్లియ్యి' అని వాడలో ఆడోళ్లంతా నవ్వేది. నా అన్నను పట్టుకొని బావా అని పిలువు అనేది. నేను పిలవలా. అన్నా అంటే మా అత్త మొగం ముడుచుకుంటాది, బావా అంటే నా నోరు తిరగదు. ఈ పొద్దుకూ వాడు ఫోన్ చేస్తే, 'ఆఁ, చెప్పు' అంటా. పిలుపు లేదు మా ఇద్దరికీ.

మా అమ్మ పోయినప్పుడు వచ్చినాడు. మేనల్లుని మాదిరి వచ్చి, మేనల్లుడు నిలబడే తావున నిలబడినాడు. కొరివి మా చిన్నాయన కొడుకు పెట్టె. వీడు ఎండకు తువ్వాలు నెత్తినేసుకొని చూస్తాండె. మేనల్లుడు ఎంత ఏడవల్లో అంతే ఏడ్చినాడు. రవ్వంత ఎక్కువ కాలేదు.

దత్తత అంటే అది. చదివించేది కాదు, సంచి కొనిచ్చేది కాదు. పిలుపు మారేది.

ఏం తల ఊపుతాండావు? మీరు పిలుపేమీ మార్చలేదా? జ్యోతి నన్ను అమ్మా అనే పిలుస్తాది, నిన్ను మేడమ్ అనే పిలుస్తాదా?

మీ క్లాసులో 'ఉండాది' అంటే తప్పు, 'ఉంది' అనల్ల అని చెప్పినావు. గుర్తుండాదా? ఇంటికొచ్చి, 'అన్నం ఉందా అమ్మా' అనె. 'ఉండాది' అంటి. నవ్వె. ఎగతాళికి కాదు మేడమ్, చిన్నపిల్లోళ్ల మాట విని పెద్దోళ్లు నవ్వరా, అట్ల నవ్వె. నా బిడ్డ నన్ను చూసి ముద్దుగా నవ్వె.

మీ గెస్టులు ఒకరి ఎనక ఒకరు వచ్చి, 'పెద్దయ్యాక ఏమవుతావు' అని అడిగేది. మా పిల్లోళ్లు వరసగా కలెక్టరు, కలెక్టరు, కలెక్టరు అని చెప్పేది. మారెన్న కొడుకు ఒకడే, 'నేను గెస్టునైతా' అన్యాడు. మీరంతా పడిపడి నవ్వితిరి. వాడు నవ్వించేదానికి చెప్పలా. అందరికంటే సుఖంగా ఉండేది ఎవురో ఆ బండరాళ్ల నడుమ వాడు చూసినాడు, చెప్పినాడు.

ఉండు, నేను దొంగమాట చెప్పను. సారు లెక్కలు బాగా చెప్తాడు. మా బళ్లో లెక్కల అయ్యవారు లేని ఏడు ఆయన కూర్చోబెట్టుకొని చెప్పకుంటే జ్యోతి ఫస్టొచ్చేది లేదు, ఈ సీటు మాట వచ్చేది లేదు. 'సుబ్బక్కా, నీ కూతురు నా కంటే జల్దీగా చేస్తుంది' అని ఒకసారి వంటింటి దాకా వచ్చి చెప్పె. నీ కూతురు అన్యాడు. ఆ పొద్దు సారు పళ్లెంలో రొట్టెకు నెయ్యి కారిపోయేటట్ల పూసినా. ఆయనే అట్లనే అనుకుంటా ఉండింటే, మనకు ఈ కొట్లాట వచ్చేది లేదు.

మా ఆయన్ను అడిగినావా? ఆయన ఇంట్లో లేడు. మీ ప్రహరీగోడకు రాళ్లు పేర్చింది ఆయనే, నీకు మొగం గుర్తుండదు. 'పెద్దోళ్లతో మనకెందుకే, ఏమన్నా రాసుకోనీ' అని చెప్పి పనికి పాయ. ఆ పరదా మీద ఆయన కూడా లేడు మేడమ్. నాకుండే మంట ఆయనకు లేదు.

ఏం, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటివి.

ఏమంటివి? గట్టిగా చెప్పు.

పరదా సారు రాయించలేదా? నువ్వే రాయించినావా? ఆయన వద్దన్యా వినలేదా?

ఫోటో కోసం కాదా.

నిజంగానే నీ బిడ్డ అనుకున్యావా నువ్వు.

చూడు మేడమ్. మీకు బిడ్డలు లేరని ఊరందరికీ తెలుసు. ఇంతసేపు తిట్టినా, నోటికొచ్చిందల్లా అన్యా, ఆ మాట మాత్రం నేను ఎత్తలా. నువ్వే ఎత్తితివి. ఏడవద్దు. నా వాకిట్లో కూర్చొని నువ్వు ఏడిస్తే, నేను కొట్టినానని ఊర్లో చెప్పుకుంటారు.

మా మేనత్త కూడా మంచిదే. వానికి మెతుకు తక్కువ పెట్టలా, మాట తూలలా. చెడ్డదై ఉంటే బాగుండేది. వాడు పారిపోయి మా అమ్మ దగ్గరికి వచ్చేటోడు. మీరు మంచోళ్లని ఊరంతా అంటాది. నాకు భయమే అది.

నీకు గూడా ఒక బిడ్డ కావల్లని ఉంటే ఉండనీ. దానికి నేనేం చేసేది? నాకు ఒకటే ఉండాది. పంచేదానికి రొట్టె కాదు.

తుడుచుకో. కొంగుతో కాదు, పట్టు మరకపడతాది. ఇదో, ఈ గుడ్డ తీసుకో. ఉతికిందే.

పొద్దున జ్యోతిని అడిగినా. జడేసేటప్పుడు అడిగినా. మొగం చూసుకోకుండా అడగల్లంటే అదొక్కటే యాళ. 'ఆ పరదా మీద రాసింది నీకు సరేనా' అంటి. రిబ్బను వేలికి చుట్టుకుంటా ఉండె. ఆమీట, 'అమ్మా, నాకు చదువు కావాలి. ఎవరి కూతురని రాసుకున్నా నాకు పర్వాలేదు' అనె.

కావాలి అనె. కావల్ల అనలా.

చెయ్యి లేచె మేడమ్. దువ్వెన ఉండె చేతిలో. జడ అల్లినా. ఎప్పుడూ ఏసేదానికంటే గట్టిగా అల్లినా, అంతే. అది అబ్బా అని కూడా అనలా.

ఎందుకు కొట్టలేదో చెప్తా. ఇది మా ఆయనకు కూడా తెల్దు. నీకెందుకు చెప్తాండానో అదీ తెల్దు.

ఓబులేషును తీసుకుపోయిన పొద్దు నేను కూడా ఏడిస్తి. బండి ఎంబడి ఊరి బయట దాకా పరిగెత్తితి. అన్న మీద ప్రాణం పెట్టుకున్యాదని అందరూ అనిరి. అన్న కోసం కాదు మేడమ్. వాన్ని పత్తికొండ హైస్కూల్లో చేరుస్తారంట. నన్ను అదే ఏడు బడి మానిపించిరి. వాన్ని అడిగిరి, నన్ను అడగలేదు, దానికి ఏడిస్తి. మా మేనత్త ఒక్క మాట నన్ను అడిగింటే, మా అమ్మను అత్తా అని పిలిచి, ఎనక్కి తిరిగి కూడా చూడకుండా ఆ బండి ఎక్కింటా.

అదీ సంగతి. నా కడుపున పుట్టింది నా మాదిరే ఉండాది. ఎవుర్ని తిట్టల్ల ఇప్పుడు?

పో, ఫోటోలు తీసేటాయన్ను రమ్మను. వస్తా. దాని చెయ్యి తీసి నీ చేతిలో పెడతా. నవ్వేది మాత్రం నా వల్ల కాదు. నవ్వు లేకుంటే సీటు ఇయ్యం అంటారేమో, వాళ్లకు నువ్వే చెప్పుకో.

సారీ మళ్లా అడగొద్దు.

జ్యోతి లోపలే ఉండాది, సంచి సర్దుకుంటాంది. అన్నీ వింటానే ఉంటాది. పిలిస్తే వస్తాది, నువ్వే పిలువు.

ఇంకొకటి. మీ కారులో అద్దాలన్నీ మూసి చల్లగాలి పెడతారు గదా, అది దానికి పడదు. నంద్యాల చేరకముందే వాంతి చేసుకుంటాది. అద్దం దించి కిటికీ పక్కన కూర్చోబెట్టు. కడుపులో తిప్పుతాందా అని అడిగితే, ఏమీ లేదంటాది. నమ్మొద్దు. మాట్లాడతా మాట్లాడతా గమ్మునైపోయి, పెదవులు తెల్లబడినాయంటే జల్దీగా కారు ఆపించు. దిగినాక ఈపు నిమరొద్దు, కసురుకుంటాది. పక్కన నిలబడుకో, చాలు.

ఏంది, ఫోన్లో రాసుకుంటాండావా?

రాసుకో మేడమ్. కొత్త గదా నీకు.